ఇనుప భీమన్న ఏ లోకంలో ఉండాడు?

హూడి, బెంగళూరు

ఓబళప్పగారికి, మీ మీద ఏ కోపమూ లేని డబ్బింగ్ స్టూడియో హేమంత్‌కుమార్ నమస్కరించి రాయునది.

మీ ఫోన్ నెలల తరబడి స్విచాఫ్. ఫైల్లో వర్తూరు అడ్రసు దొరికింది కాబట్టి ఈ ఉత్తరం. నేను కన్నడ బడిలో చదివి, స్క్రిప్టులు చూసి తెలుగు నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

మీరు అలిగారని తెలుసు. 'ఉండాను' కాదు, 'ఉన్నాను' అనాలని మైకు ముందు మిమ్మల్ని చాలా విసిగించాను. మరమనిషి వ్యాకరణం తప్పకూడదని మేనేజరు పట్టు, నేను జీతగాణ్ణి. మన 'ఇనుప భీమన్న' సీరియల్ ఆఖరి భాగం మిగిలిపోయింది. భీమన్న జంట లోకంలో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఈ నెలాఖరుకు మీరు రాకపోతే వేరే గొంతు పెట్టి, మొదటి నుంచీ మళ్లీ చెప్పించి, మీ గొంతున్నవన్నీ చెరిపేస్తారట.

మన పై అంతస్తులో ఇంకో డబ్బింగ్ కంపెనీ దిగి, మన గొంతులను ఒక్కొక్కటే ఎగరేసుకుపోతోంది. మీరు అలాంటివారు కాదని నా నమ్మకం.

ఎదురుచూస్తూ,
హేమంత్‌కుమార్

తా.క.: క్యాంటీన్లో మీ స్టీలు గ్లాసు బోర్లించినచోటే ఉంది. ఎవరినీ ముట్టనివ్వడం లేదు.

*

వర్తూరు

హేమంత్‌కుమార్ అప్పకు, ఓబళప్ప పెండ్లాం నంజమ్మ రాసేది. ఇక్కడ అందరమూ క్షేమం అని రాసేదానికి చెయ్యి రాలేదు, ఆ వరస వదిలేసినాను.

మా ఇంటాయన కార్తీకంలోనే పైకి పోయినాడు. ఇంక మీకాడికి రాడు. మీకంటే పెద్ద ఆసామి పిలిచినాడు, కాదనేది ఎవరి తరం. నేడో రేపో మనమూ ఆడికి పోవాల్సినోళ్లమే.

భీమన్న ఎవరో మాకు తెలీదు. మా ఆయన మీ గేటు కాడ వాచ్‌మేన్ పని అని చెప్పి పొయ్యేవాడు. అంతకు ముందు నగర్తపేటలో రాగిబిందెలు కొట్టి కొట్టి, ఆ సుత్తి మోతకు చెవులు పోగొట్టుకున్న మనిషి. ఇంట్లో సుమ్నే, ఊరికే గోడ చూసుకుంటా కూర్చునేవాడు. పది మాటలడిగితే ఒక 'ఊఁ'. అట్లాంటోడు మైకులో మాట్లాడినాడంటే నేను నమ్మను. మీ ఓబళప్ప వేరే ఎవరో, సరిగా చూసుకోండి.

ఇట్లు,
నంజమ్మ

తా.క.: ఆ గ్లాసుకు అడుగున చొట్ట ఉంటే మాదే. పంపించండి.

*

హూడి

గౌరవనీయులైన నంజమ్మగారికి, మనసు నొచ్చుకున్న హేమంత్‌కుమార్ వ్రాయునది.

పైకి పోయారని మీరే ఒప్పుకున్నారు, సంతోషం. పెద్ద ఆసామి పిలిస్తే సగం పని వదిలేసి పోవడమేనా? అక్కడ నచ్చకపోతే లిఫ్టెక్కి కిందికి రావచ్చని చెప్పండి. మేమేమీ అనుకోము. నేనూ అక్కడికి పోవాల్సినవాణ్ణేనని రాశారు. నాకు అలాంటి ఉద్దేశం లేదు, దయచేసి ఆ మాట ఇంకెక్కడా అనకండి.

మా ఓబళప్ప మీ ఓబళప్పే. వాచ్‌మేన్ పనికే వచ్చారు. ఒకరోజు గేటు కాడ లారీవాణ్ణి కేకేస్తే మూడు తలుపులు మూసిన గదిలో మాకు వినబడింది. ఆ కేకకే భీమన్న వేషం దొరికింది. అది జపాన్ బొమ్మల సీరియల్. భీమన్న పదంతస్తుల మరమనిషి. వాణ్ణి నడిపేది యుమి అనే పిల్ల. ఈ లోకంలో రాక్షసులను తంతాడు, దారి తప్పి జంట లోకంలో పడితే అక్కడి జనం నీళ్ల ట్యాంకు అనుకుని బిందెలతో వరస కడతారు. 'ఈ వయసులో బొమ్మకు అరుస్తానంటే మా ఇంట్లో నవ్వుతాది' అనేవారు. అందుకే మీకు చెప్పి ఉండరు. ఫోన్లో వస్తుంది, చూడండి.

నెలాఖరు దగ్గరపడింది.

భవదీయుడు,
హేమంత్‌కుమార్

తా.క.: నిన్న పై అంతస్తుకు పోయి గొడవపడి వచ్చాను. ఓబళప్ప అంటే ఎవరో తెలియదని బుకాయించారు. ఎక్కడ దాచారో.

*

వర్తూరు

హేమంతప్పకు, నంజమ్మ రాసేది.

మా మిద్దె మీద బాడిగకుండే నేత్రావతి తన ఫోన్లో చూపించింది. ఇనుపోడు చెరువు మధ్యలో నిలబడుండాడు, చుట్టూ ఆడోళ్లు బిందెలు పట్టుకోనుండారు. 'నేను ట్యాంకు కాదు తల్లీ. అయినా వచ్చినారు కదా, పట్టుకోండి' అన్నాడు. నేను పొయ్యి ఆర్పేసి వచ్చి కూర్చున్నాను. అది మా ఆయన గొంతే.

అన్ని భాగాలూ చూసినాను. నాతో ఇన్నేండ్ల కాపురంలో మాట్లాడనన్ని మాటలు ఆ రాక్షసులతో మాట్లాడినాడు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నవ్వేదాన్నో లేదో ఒకసారి చెప్పి చూడాల్సింది.

నువ్వు పైకి అంటే మిద్దె అనుకున్నావు. లిఫ్టు పొయ్యే చోటు కాదప్పా అది. మా ఆయన చచ్చిపోయినాడు. వర్తూరు చెరువు అవతల మట్టి చేసినాము. ఇంట్లో ఫోటో ఉండాది, గొంతు లేదు. ఆ ఆఖరి భాగం ఎవరితోనైనా చెప్పించుకోండి, ముందరివి మాత్రం చెరపొద్దండి. నేనడిగేది అదొకటే.

భీమన్న ఇంటికి వస్తాడా, రాడా? అది మాత్రం రాయి.

ఇట్లు,
నంజమ్మ

తా.క.: పైనోళ్ల కాడికి పోయి తప్పయిందని చెప్పు. పాపం, వాళ్లు దాచింది ఏమీ లేదు.

*

హూడి

అమ్మా, ఏమని మొదలుపెట్టాలో తెలియని హేమంత్‌కుమార్ రాస్తున్నాడు.

మీ ఉత్తరం చదివాను. లిఫ్టు మాట రాసిన చెయ్యిని ఏం చేసినా పాపం లేదు.

ఆఖరి భాగంలో భీమన్న ఇంటికి రాడు. జపానువాళ్లు అలాగే తీశారు. ఆ లోకంలోనే ట్యాంకుగా నిలబడిపోతాడు. యుమి రెండు లోకాల మధ్య ఉన్న గేటు కాడికి వచ్చి 'ఉన్నావా?' అని పిలుస్తుంది, వాడు పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. ఆ ఉపన్యాసానికి మాకు గొంతు లేదు.

కానీ రోజూ మైకు పరీక్షకు నేను 'ఓబళప్పగారూ, ఉన్నారా?' అని అడిగేవాణ్ణి. ఆయనకు వినబడి జవాబు వచ్చేసరికి నా ఓపిక అయిపోయేది. అప్పుడు 'ఉండాను' అనేవారు. అదంతా రికార్డయి ఉంది. ఉపన్యాసం తీసేసి, ఆ ఒక్క మాట పెట్టాం. మధ్యలోని ఆలస్యాన్ని కొయ్యకుండా అలాగే ఉంచాం. మేనేజరు విని, వ్యాకరణం తప్పు అన్నాడు. బయటికి పోయి మొహం కడుక్కుని వచ్చి, పోనీలే అన్నాడు. పాతవేవీ చెరపరు.

ఆదివారం సాయంత్రం వస్తుంది. చూడండి.

మీ
హేమంత్

తా.క.: గ్లాసు పార్సెల్ చేశాను. పైవాళ్లకు తప్పయిందని చెప్పాను. వాళ్లూ సీరియల్ చూస్తారట.

*

వర్తూరు

నాయనా హేమంతా, నంజమ్మ దీవించి రాసేది.

చూసినాము. ఆ పిల్ల 'ఉన్నావా?' అనింది. జవాబు లేదు. ఫోను నిలిచిపోయిందని నేత్రావతి గుద్దబోయింది, నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ పిల్ల కదలకుండా అట్లే నిలబడింది. ఎంతసేపటికో 'ఉండాను' అన్నాడు.

ఇన్నేండ్లూ నేను పిలిస్తే పలకడు అనే అనుకున్నాను నాయనా. ఒకసారి పిలిచేది, గొణుక్కుంటా వంటింట్లోకి పొయ్యేది. పలికే ఉంటాడు. నేను అవతలికి పోయినాక పలికే ఉంటాడు. ఆ పిల్ల మాదిరి నిలబడి ఉంటే వినబడేది.

ఇప్పుడు పొద్దున ఫోటో ముందర దీపం పెట్టి పిలుస్తాను. పిలిచి, కాసేపు అట్లే నిలబడతాను.

ఇట్లు,
నంజమ్మ

తా.క.: గ్లాసు చేరింది. అడుగున చొట్ట లేదు, ఇది మాది కాదు. మాది ఆ లోకంలో ఆయన కాడే ఉన్నట్టుంది. ఇది నేనుంచుకుంటాను, వాపసు అడగొద్దు.