పెళ్లికూతురు పైపు

బావగారికి,

ముందు ఆ పైపు ఎవరూ వెలిగించకుండా ఆపండి, ఆ తర్వాతే ఈ ఉత్తరం చదవండి. మీరు ఫోను ఎత్తడం లేదు. అందుకే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

రేపటి వీడ్కోలు సభలో మీ ఆఫీసరుగారికి ఇవ్వాలని, నేను లేనప్పుడు షాపుకొచ్చి పొగతాగే చెక్క పైపు ఏరుకున్నారట. దానికి కట్టిన చీటీ మీద "పెళ్లికూతురు" అని చూసి, అన్నిట్లోకీ అందమైనదని మురిసిపోయారట. మా ఆవిడ చెప్పగానే మీకు ఫోను మీద ఫోను చేశాను.

మా పనిలో ఆ మాటకు అర్థం వేరు బావగారూ. పొగాకు పోసే గిన్నె తొలుస్తుంటే ఒక్కోసారి చెక్కలో పుచ్చు బయటపడుతుంది. లక్కలో రంపపుపొట్టు కలిపి దాన్ని పూడ్చి, రంగేసి ముస్తాబు చేస్తాం. అది అద్దాల బీరువాలో పెట్టుకోడానికే, నిప్పుకి పనికిరాదు. లక్క కరిగితే ఆ కన్నంలోంచి నిప్పుకణిక బయటికి దూకుతుంది. ఈ గిన్నెలో పూడిక సరిగ్గా పీల్చేవాళ్ల ముఖం వైపే ఉంది.

"వీడికన్నీ భయాలే" అని అక్క నవ్వుతుంది. నవ్వనివ్వండి.

నాన్న చెంప మీది మచ్చ పొయ్యి దగ్గర కాలింది కాదు. నేను ముస్తాబు చేసిన మొదటి పెళ్లికూతురిని, పుచ్చు సంగతి దాచి, ఆయన చేతికే ఇచ్చాను. పోయేదాకా, నా ఎదుట కూడా, ఆయన పొయ్యినే తిట్టారు.

మీ బావమరిది