పేలాల డబ్బా

రాజోలు,
1983 నవంబరు.

అమ్మాజీ వదినగారికి మీ మరదలు కనకదుర్గ దణ్ణం పెట్టి రాస్తున్నది.

మొన్న రంపప్పొట్టు పోసి కట్టిన డబ్బాలో బిస్కట్లు ఆ పొట్టు వాసన కొట్టాయని మీ రాజమండ్రిలో కొన్నవాళ్ళు అన్నారట. నిజమే అయి ఉంటుంది. నాకిప్పుడు వాసనలు తెలియడం లేదు. పొయ్యిలో మాడినా తెలియడం లేదు. బస్సు లగేజీ ఛార్జీ కూడా పెరిగిపోయింది. బస్టాండులో తూచే లోవరాజు డబ్బా కాటా మీద పెట్టి, "ఏంటండి పిన్నిగారూ, బిస్కట్లు పంపుతున్నారా, ఇసక పంపుతున్నారా? సువర్ణమ్మ కట్టినప్పుడు ఇంత తూగేది కాదండి" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. "ఆయ్, పొట్టు బరువు నాయనా" అన్నాను. అమ్మిన డబ్బంతా ఆ లగేజీకే సరిపోతోంది.

మా అమ్మాయి సువర్ణలాగ బిస్కట్ల మధ్య పేలాలు పోసి కట్టొచ్చు కదా అని మీరు రెండుసార్లు రాశారు. విరగవు, బరువుండవు, పిల్లలు పేలాలు కూడా తింటారు అని. ఆ తెలివి దానిదే. నాకు తెలియక కాదు వదినగారూ. ఆ రోజు మీ బస్సు వచ్చేసరికే దాన్ని తీసుకుపోయారు గనక మీరు చూడలేదు. పాడె ముందు చల్లడానికి పేలాలు కావాలన్నారు. ఎవరో అటక మీద బుట్ట దింపారు. డబ్బాల కోసమని జ్వరం రాకముందు అది వేయించి పెట్టుకున్న పేలాలు. దాని పేలాలే దాని ముందు చల్లుకుంటూ వెళ్ళారు. సాయంత్రం దాకా వీధిలో కోళ్ళు ఏరుకు తిన్నాయి. గుమ్మంలో కూర్చుని చూశాను. అప్పట్నించి మూకుట్లో వడ్లు పొయ్యలేకపోతున్నాను.

మీ పక్కింటి కృపమ్మగారి క్రిస్మస్ డబ్బా ఒక్కటీ పంపేసి ఈ పని మానేస్తాను. మీ తమ్ముడు సరే అన్నారు.

మీ కనకదుర్గ


రాజోలు,
డిసెంబరు.

వదినగారికి,

మీరు తిప్పి పంపిన ఖాళీ డబ్బా చేరింది. మూత తీస్తే ఖాళీ కాదు, పేలాలు. సువర్ణ చివరిసారి పంపిన డబ్బాలోవి, పారెయ్యడానికి చేతులు రాలేదమ్మా అని చీటీ పెట్టారు. మెత్తబడిపోయాయి. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. లేచి మూకుట్లో వెచ్చబెట్టాను. ఒకటి నోట్లో వేసుకున్నాను. వడ్లకి ఉప్పునీళ్ళు చిలకరించి వేయించడం దాని అలవాటు. నాలిక్కి ఉప్పు తెలిసింది.

కృపమ్మగారి డబ్బా వాటితోనే కట్టాను. లోవరాజు కాటా చూశాడు, నా మొహం చూశాడు. "ఏం లోవరాజూ, ఇసక లేదుగా?" అన్నాను. "లేదండి" అని తల వంచుకుని తాడు బిగించాడు.

మానేసే సంగతి తర్వాత చూద్దాం. ఈ పేలాలు మాత్రం పిల్లల్ని తిననివ్వకండి. మళ్ళీ డబ్బాలో పోసి పంపండి. ఇక్కడ దింపుకునేటప్పుడు ఖాళీ డబ్బాలకి లోవరాజు లగేజీ తీసుకోడు. ఇది కూడా ఖాళీదే అంటాడు.

సువర్ణ అమ్మ,
కనకదుర్గ