సెలవుల్లేని వడ్డీ

బాబాయ్‌కి,

నమస్కారాలు. ఫోన్ చేస్తే నీ కుట్టుమిషన్ మోత తప్ప నీ మాట వినపడదు, అందుకే ఉత్తరం. నా నర్సింగు చదువుకి బ్యాంకులో తెచ్చింది నాలుగు లక్షలు. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా కాలేదు, అయిదు లక్షల ఇరవై వేలు బాకీ అని కాగితం వచ్చింది! చదువుతున్నంతకాలం కట్టక్కర్లేదన్నారుగా? మధ్యలో ఎవరో నొక్కేశారు. హామీ సంతకం నీదే కాబట్టి నువ్వే వెళ్లి కడిగెయ్యి.

నీ అన్న కూతురు

తా.క. కాగితం వెనక సన్నటి అక్షరాలేవో ఉన్నాయి. ప్రకటనలనుకుంటా.

---

చిట్టితల్లికి,

దీవెనలు. జాకెట్టు కొలతలకొచ్చినావిణ్ణి నిలబెట్టేసి మరీ వెళ్లి కడిగాను. మేనేజరమ్మ, "సంతకం పెట్టేముందు చదివారా?" అంది. "చదివేది మా అమ్మాయి, నేనెందుకు చదువుతాను?" అన్నాను. ఆవిడ తల పట్టుకుంది. ఆగింది వాయిదాలేనట తల్లీ, వడ్డీ మొదటిరోజు నుంచీ నడుస్తూనే ఉందట. నీకు సెలవులిచ్చారు గానీ దానికివ్వలేదు.

బాబాయ్

తా.క. వచ్చేటప్పుడు ఆవిడేదో కాగితం ఇచ్చింది. కాదంటే బాగుండదని సంతకం పెట్టేశాను.

---

బాబాయ్‌కి,

నమస్కారాలు తర్వాత. మళ్లీ చదవకుండా సంతకమా! నీ కొట్టు తాకట్టు పెట్టించుకునుంటారు. ఆ కంగారులో వార్డులో ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వబోయాను. ఇక ఆగలేక, ఫోన్లో అప్పులిచ్చేవాళ్ల దగ్గర యాభై వేలు తీసుకుని బ్యాంకుకి కట్టేశాను.

నీ కూతురు

తా.క. ఫోనువాళ్లు మహా మంచివాళ్లు, ఒక్క ప్రశ్నా అడగలేదు. నూటికి నెలకి అయిదేనట!

---

ఓసి పిచ్చిమొద్దూ,

దీవెనలు తర్వాత. నెలకి అయిదంటే ఏడాదికి అరవై! బ్యాంకుది పదే. పెనం మీంచి పొయ్యిలో పడ్డావు. నేను సంతకం పెట్టింది తాకట్టుకి కాదు, ఆదివారాలు బ్యాంకులో డబ్బు సంగతులు చెప్పే క్లాసుకి. మూడు వారాలుగా ముందు బెంచీలో కూర్చుంటున్నాను. కొత్త మిషన్‌కని దాచింది పంపుతున్నాను, ముందు ఆ మంచివాళ్లని వదిలించుకో. నాకు నెలనెలా ఇద్దువుగాని. బ్యాంకు వాయిదా నీ జీతానికి సరిపడా తగ్గించమని అర్జీ పెట్టించాను. కాగితం వస్తుంది. చదివి సంతకం పెట్టు!

బాబాయ్

తా.క. నిన్న క్లాసులో పరీక్ష పెడితే నేనే ఫస్టు. బహుమతి క్రెడిట్ కార్డట. ఇక్కడ సంతకం పెట్టండంది మేనేజరమ్మ. కళ్లజోడు పెట్టుకుని పదకొండు పేజీలూ చదివాను. భోజనం వేళయింది, తలుపులు మూయాలన్నా లేవలేదు. ఆఖరికి వద్దన్నాను. సంతోషించాలో ఏడవాలో తెలీక ఆవిడ అలాగే నిలబడిపోయింది.