పోయినావిడకు షుగర్ ఎంత?

కీలుంగ్,
మంగళవారం

నేను ఒక్కసారీ చూడని నర్సమ్మ, చిట్టితల్లి యాచింగ్‌కు,

ఫోన్‌లో చెప్పాల్సింది ఉత్తరంలో రాస్తున్నాడేమిటీ ముసలాయన అనుకోకు. ఆ ఫోన్ నాది కాదు, నా భార్య యుయెషియాది. మీ ఆరోగ్య కేంద్రం నుంచి రోజూ ఏడింటికి "పిన్నిగారూ, లేచారా? ఇవాళ షుగర్ ఎంత?" అని నువ్వు మెసేజ్ పెట్టేది ఆవిడకే. ఆవిడ పోయి నలభై ఒక్క రోజులైందమ్మా. నీకు జవాబిస్తున్నది నేను.

దహనం అయిన మర్నాడు ఫోన్ మోగింది. వచ్చినవాళ్లంతా "పాపం యుయెషియా" అంటున్నారు. నువ్వొక్కదానివే "లేచారా" అన్నావు. పోయిందని రాయబోతే వేలు కదల్లేదు. ఉత్తుత్తి అంకె వేద్దామంటే ఆవిడ చేత అబద్ధమాడించినట్టు అవుతుంది. అందుకని ఆవిడ షుగర్ చూసుకునే మిషన్‌తో నా వేలే పొడుచుకుని, వచ్చిన అంకె పంపాను. నూట నలభై ఆరు. "శభాష్ పిన్నిగారూ!" అన్నావు. సిగ్గు లేకుండా సంబరపడ్డాను. నలభై ఏళ్లు రేవులో క్రేన్లు బాగుచేశాను, నన్నెవరూ శభాష్ అనలేదు. "ఇనుముతో కాపురం చేసి మనుషులతో మాట్లాడటం మర్చిపోయావ్" అని యుయెషియా దెప్పేది.

పోయినవాళ్లకు నలభై తొమ్మిది రోజులు ఫోటో ముందు పూటపూటా అన్నం పెట్టాలి కదా. పదకొండేళ్లుగా ఆవిడను తీపి ముట్టనివ్వలేదు నేను. "చచ్చాకైనా తిననిస్తావా, ముసలోడా?" అనేది. అందుకే చేమదుంప పాయసం, అనాసపండు కేకులు, వేరుశనగ పొడి అద్దిన బియ్యపు ఉండలు, ఏదీ తక్కువ చెయ్యకుండా పెట్టాను. అగరొత్తి ఆరాక వాటిని పారేస్తే పాపం. ఇంట్లో తినేవాళ్లెవరు? ఆవిడ వంతూ నేనే తిన్నాను.

అంకె రెండు వందలు దాటింది. నిన్న మూడు వందల నాలుగు. ఎంత తాగినా దాహం తీరడం లేదు, చూపు మసకగా ఉంది. "పిన్నిగారూ, రేపు నేనే వస్తున్నాను" అని పెట్టావు. రావద్దు తల్లీ. వస్తే నిజం ఎలాగూ తెలుస్తుందని నేనే ముందు చెప్పేస్తున్నాను, మీ జాబితాలోంచి ఆవిడ పేరు కొట్టెయ్యకు. కొట్టేస్తే ఇక ఈ లోకంలో ఆవిడను పిలిచేవాళ్లుండరు. నేనేమైపోయినా ఫరవాలేదు, ఆ పేరు మాత్రం ఉండనీ. ఈ ఉత్తరం మీ కేంద్రం డబ్బాలో నేనే వేసి వస్తాను.

ఇట్లు,
జియెన్ తియెన్‌లై


మంగళవారం సాయంత్రం

మొండి బాబాయ్‌గారికి,

తలుపు కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టింది. మీ దగ్గు నాకు వినబడుతూనే ఉంది! ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను.

మీరు నిజం చెప్పారు, నేనూ చెప్తాను. ఏడింటి మెసేజ్ నేను పెట్టేది కాదు. కంప్యూటర్ నాలుగు వందల మందికి ఒకేసారి పంపుతుంది. శభాష్ అన్నదీ అదే. అంకె మరీ పెరిగితేనే నా దాకా వస్తుంది. నిన్నటి మెసేజ్ ఒక్కటే నాది. క్షమించండి బాబాయ్. ఇన్నాళ్లూ పిన్నిగారిని తలచుకున్నది మీరొక్కరే.

ఆవిడ పేరు ఇవాళ నా చేత్తో కొట్టేశాను. రేపు ఏడింటికి ఆ ఫోన్ మోగదు. మీ రోగాన్ని ఆవిడ లెక్కలో రాస్తూ కూర్చోవడం నావల్ల కాదు. రేపు తొమ్మిదింటికి మళ్ళీ వస్తాను. తియ్యకపోతే తాళాలవాణ్ణి వెంటబెట్టుకొస్తాను, ఏమనుకున్నా సరే.

మీ,
పెంగ్ యాచింగ్


బుధవారం

అమ్మా యాచింగ్,

తొమ్మిదికి ఇంకా అరగంట ఉంది. నువ్వొచ్చాక నోట మాట రాదు, అందుకే రాసి పెడుతున్నాను.

ఏడైంది. ఫోన్ మోగలేదు. ఏడుంబావైంది. నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ యంత్రాన్నీ తిట్టాను. తిట్లయిపోయాక ఇల్లంతా నిశ్శబ్దం. అప్పుడు తెలిసిందమ్మా యుయెషియా లేదని. దహనం నాడు రాని ఏడుపు ఇవాళ వచ్చింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

తర్వాత వేలు పొడుచుకున్నాను. ఎవరికీ పంపలేదు. ఇక్కడ రాస్తున్నాను, నీ పుస్తకంలో ఎక్కించుకో: జియెన్ తియెన్‌లై, డెబ్బై ఆరేళ్లు, భార్య పోయింది, షుగర్ రెండు వందల ఎనభై తొమ్మిది.

తలుపు గడియ తీసే ఉంచాను.

నీ బాబాయ్