లేవని కుడి చెయ్యి

3, మంగళవారం

కొట్టాడు. తొమ్మిది వందల నాలుగు ఫ్లాటు సారు. గేటు దగ్గర, అందరి ముందు.

కొత్త తెల్ల కారు. అద్దం మీద స్టిక్కరు లేదు. స్టిక్కరు లేని బండిని ఆపి రిజిస్టరులో రాయాలి — అది నా పని. అడ్డకర్ర దించే ఉంచి, పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాను. "ఫ్లాటు నంబరు సార్" అన్నాను. అంతే. తలుపు తోసుకుని దిగాడు. "రోజూ చూస్తావ్ కదరా నన్ను."

ఎడమ చెంప. దవడ పన్ను కదిలింది. నోట్లో ఉప్పగా రక్తం... మింగాను. ఉమ్మితే మేడమ్‌లు చూస్తారని.

నాకు అరవై ఏడు. అతనికి నలభై ఉండవు.

ఇంట్లో సత్తెమ్మకు చెప్పలేదు. పన్ను నొప్పి అన్నాను.

4, బుధవారం

సూపర్‌వైజరు మల్లేశం పిలిచి సారుకు సారీ చెప్పమన్నాడు. తప్పు ఎవరిదని అతను అడగలేదు, నేను చెప్పలేదు. "జర చెప్పు తాతా. నోటితోటి అనేదే గదా, ఏం అరిగిపోతది?"

చెప్పాను. సారు ఫోనులోంచి తల ఎత్తలేదు. సెల్యూట్ కొట్టబోయాను — చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగింది. భుజంలో మేకు దిగినట్టు. పైకి రాలేదు.

5, గురువారం

రాలేదు. కుడి చెయ్యి అన్నం కలుపుతుంది, రాస్తుంది. భుజం దాటి లేవదు. తల దువ్వుకోలేను.

6, శుక్రవారం

ఆ కారు హారను నా ఒంటికి గుర్తు. చెవి కంటే ముందు కడుపుకు తెలుస్తుంది. కారు మలుపు తిరగకముందే చెమట. అది లోపలికి పోయాక గోడ పక్కన వాంతి చేసుకున్నాను. పొద్దుటి చాయ్ తప్ప ఏమీ లేదు.

7, శనివారం

మధ్యాహ్నం కునుకు. కల. ఊళ్లో పిచ్చికుక్కను చంపిన కర్ర చేతిలో ఉంది. అదే తడి చప్పుడు. కుక్క ముఖం లేదు — సారు ముఖం. ఆపకుండా కొట్టాను. ముఖం పోయేదాకా.

లేచేసరికి పళ్లు బిగుసుకుని ఉన్నాయి. దవడ విప్పడానికి వేలు పెట్టాల్సి వచ్చింది.

మంచిగా అనిపించింది. రాయకూడదు. రాశాను.

9, సోమవారం

మూడు రోజులుగా ఎడమ చేత్తో సెల్యూట్ కొడుతున్నాను. ఎవరో ఫొటో తీసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టారట. ఎడమ చెయ్యి అవమానం అట. మల్లేశం బతిమాలాడు. "ఎడమ చెయ్యి జేబుల వెట్టుకో తాతా. దాన్ని బయటికి తియ్యకు."

పెట్టుకున్నాను.

10, మంగళవారం

బోరబండ బస్తీ దవాఖాన. డాక్టరమ్మ చిన్నపిల్ల. చెయ్యి తానే పట్టుకుని లేపింది, లేచింది. నేను లేపితే లేవదు. ఎముక బాగుంది, నరం బాగుంది అంది. బీపీ చూసి మళ్లీ చూసింది.

"ఏమన్నా అయ్యిందా పెద్దాయనా? కొట్లాట గిట్ల?"

"ఏం లేదమ్మా."

బీపీ పట్టీ విప్పుతూ అంది. "లోపల వెట్టుకున్నది యాడికి పోతది? ఎక్కడో ఓ కాడ పట్టుకుంటది."

చెయ్యి సరిగా లేవడం లేదని చీటీ రాసి ఇచ్చింది. బీపీ గోళీలు కూడా. మల్లేశం చీటీ చూసి, ఇగ కూర్చుని రిజిస్టరు రాయి చాలు అన్నాడు.

12, గురువారం

చారులో ఉప్పు ఎక్కువైంది. గ్లాసు గోడకు విసిరాను. సొట్ట పడింది. సత్తెమ్మ నవ్వింది — ఏం మనిషివి, మూతి విప్పవు, గ్లాసులు విసురుతవ్ అని. లేచాను. పెళ్లయిన నలభై నాలుగు ఏళ్లలో ఎన్నడూ చేయనిది. చెయ్యి ఎత్తాను. కొట్టలేదు. కొట్టేవాణ్ణే.

ఆమె కదలలేదు. నా చేతి వంక చూసింది. కుడి చెయ్యి. తల మీది దాకా లేచి ఉంది.

"నా మీదికైతే లేస్తున్నది గదా."

దించాను. ఆ తర్వాత లేపి చూస్తే ఛాతీ దగ్గరే ఆగింది.

అప్పుడు చెప్పాను ఆమెకు, చెంపదెబ్బ సంగతి. నా పక్కన కూర్చుంది. సొట్ట గ్లాసును చీరకొంగుతో తుడుస్తూ ఉంది.

13, శుక్రవారం

అడ్డకర్ర మోటారు కాలిపోయింది. బాగయ్యేదాకా కింద కొక్కెం తప్పించి చేత్తో లేపాలి. ఒంటిచేత్తో లేస్తుంది, బరువు లేదు. నా జోడీ యాదగిరి లేపుతున్నాడు. నేను రాస్తున్నాను.

17, మంగళవారం

పొద్దున ఎనిమిది. యాదగిరి చాయ్‌కు పోయాడు.

ఆ హారను. తెల్ల కారు లోపలి నుంచి వచ్చింది. నడుపుతున్నది సారు భార్య. సారు పక్క సీటులో వెనక్కి పడి ఉన్నాడు. చొక్కా తడిసింది. పెదాలు నల్లబడ్డాయి. పిడికిలితో గుండె నొక్కుకుంటున్నాడు.

"తాతగారూ, కర్ర తియ్యండి... ఈయనకి బాగోలేదండి."

పోయాను. కర్ర మీద కుడి చెయ్యి వేశాను. సారు నన్ను చూశాడు. గుర్తు పట్టాడు. కళ్లలో భయం.

చెయ్యి లేవలేదు.

మళ్లీ హారను. మళ్లీ వేశాను. లేవలేదు. ఆమె దిగి వచ్చి రెండు చేతులతో కర్రను గుంజింది. కొక్కెం సంగతి ఆమెకు తెలియదు. గోరు విరిగి రక్తం కారింది. సారు నోటి నుంచి బుసలాంటి చప్పుడు. యాదగిరి చాయ్ గ్లాసు పారేసి ఉరికొచ్చాడు. కొక్కెం తప్పించాడు. లేపాడు.

ఎంతసేపు? నలభై రెండు సెకన్లు. లోపల లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టాను?

18, బుధవారం

అందరికీ నా మీద జాలి. డాక్టరు చీటీ ఉంది కదా. "తాత చెయ్యి పనిచేయదు సార్, పాపం" అని యాదగిరి కమిటీ వాళ్లకు చెప్పాడు. మల్లేశం బిస్కెట్ పొట్లం తెచ్చి ఇచ్చాడు.

ఎడమ చెయ్యి ఏమైందని ఎవరూ అడగలేదు.

జేబులో ఉంది. ఆ నలభై రెండూ జేబులోనే ఉంది.

20, శుక్రవారం

సారు భార్య బట్టల కోసం ఆసుపత్రి నుంచి వచ్చింది. గేటు దగ్గర కారు ఆపి దిగింది. వేలికి కట్టు.

ప్రాణం దక్కిందట. గుండె సగం దెబ్బ తిన్నదట. వయసు కాదు, ఒత్తిడి అన్నారట డాక్టర్లు. ఆఫీసులో తీసేసే వాళ్ల జాబితాలో సారు పేరు పెట్టారట. నన్ను కొట్టిన రోజే తెలిసిందట. "ఇంట్లో ఎవరికీ చెప్పలేదండి. నిద్రపోయేవారు కాదు. పళ్లు నూరుతూ కూర్చునేవారు."

పళ్లు నూరుతూ... నేల చూశాను.

"ఇంకాస్త ముందు తెస్తే ఇంత దెబ్బ తగిలేది కాదన్నారు. నాదే తప్పు. ఆ కొక్కెం నాకు తెలీలేదండి." ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "మీ చెయ్యి ఎలా ఉంది తాతగారూ?"

తల ఊపాను. ఏమని ఊపానో నాకే తెలియదు.

21, శనివారం

పొద్దున తల దువ్వుకున్నాను. కుడి చేత్తో. దువ్వెన మెడ వెనక దాకా పోయింది. నొప్పి లేదు. సత్తెమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసింది. కళ్లు తిప్పుకుంది.

సాయంత్రం మల్లేశం ఫోను. రేపు పదకొండుకు సారును ఇంటికి తెస్తున్నారు. యాదగిరి లేడు, ఊరికి పోయాడు. మోటారు ఇంకా రాలేదు. "ఎట్లనన్న లేపు తాతా, ఆ ఒక్క బండికి."

ఆమె మళ్లీ దిగుతుంది. నా కంటే ముందే వచ్చి కొక్కెం తప్పిస్తుంది, ఇప్పుడు తెలుసు కదా. తనదే తప్పు అంటుంది మళ్లీ. అప్పుడు చెప్పాలి, ఎడమ చెయ్యి సంగతి. చెయ్యి లేదా నోరు — రెంటిలో ఏదో ఒకటి లేవాలి.

గోడకు నిలబడి మళ్లీ చూసుకున్నాను. కుడిది లేస్తుంది. ఎడమది కూడా.

సారు అద్దం దించి నా వంక చూస్తే...