దసరాకు కడిగిన కారు

దివాకర్,

పదింటికి మెకానిక్ వస్తడు. అప్పటిదాక కారు మళ్ల స్టార్ట్ చేయకు. ఇంజన్ లోపటికి నీళ్లు పోయినయట. మొత్తం విప్పాలె, నాలుగు లక్షలన్న అయితదని ఫోన్ల అన్నడు.

బాపును ఏమనకు. దసరాకు ట్రాక్టర్‌ను కడిగినట్టే నీ స్పోర్ట్స్ కారు బానెట్ లేపి బోరు పైపు పెట్టిండు. పూజకు మెరవాలనే కదా. నీళ్లు కొట్టింది ఆయనే గని, ఇంజన్ పట్టేసేదాక సెల్ఫ్ కొట్టింది నువ్వు. గా మాట ఆయనకు చెప్పు. నిన్నటి సంది అన్నం ముట్టలేదు.

మటన్ కూర పొయ్యి మీదున్నది. ఇద్దరు కలిసి తినుండ్రి. నేను డ్యూటీకి పోతున్న.

నవనీతక్క

ట్రాక్టర్ తాళంచెవి నా బ్యాగుల వేసుకపోతున్న. దాన్ని అమ్మి నీ కారు బాగు చేపిస్తనని బాపు పొద్దుగాల ఎవరికో ఫోన్ల చెప్తుండె.