నాన్న కొట్లో నిలువుటద్దం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావకి మోకాలి నొప్పి తగ్గింది. దాని గురించి మాట్లాడటం మాత్రం తగ్గలేదు.

మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పనిలో ఇప్పుడు 'డిస్టార్ట్' నా బల్ల మీదికొచ్చింది. ఒక్క తెలుగు మాటతో తెమిలేలా లేదు. వాస్తవాలనైతే వక్రీకరిస్తారు, మాటలకైతే పెడర్థం తీస్తారు, ఇనుప చువ్వనైతే వంకర తిప్పుతారు, ముఖాన్నైతే వికృతం చేస్తారు. ఒక్కోదానికీ ఒక ఉదాహరణ వాక్యం కావాలి. మా ఆఫీసులో రాసే వాక్యాల్లో మనుషులు మాట్లాడరు, ప్రకటనలు చేస్తారు. నువ్వు విలేకరిగా రిటైరైనవాడివి. 'నా మాటలు వక్రీకరించారు' అని నీ మీద ఎగిరినవాళ్ళు తక్కువమందా? ఓ నాలుగు వాక్యాలు రాసి పంపు.

నీ అక్క

తా.క. రూపం గురించి నేనే ఒకటి రాసుకున్నాను: 'దర్జీ కొట్లో అద్దం మనుషుల రూపాన్ని వక్రీకరించి సన్నగా చూపించేది.' ఎవరి కొట్టో నీకు చెప్పక్కర్లేదుగా!

*

అక్కకు నమస్కారం.

వాక్యాలు వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. నీ తా.క.కి మాత్రం ఒక సవరణ ఉంది. నాన్న అద్దం వంకరది కాదు.

నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను. అద్దం కుట్టుమిషనుకీ ఇస్త్రీ బల్లకీ మధ్య, కిటికీ వెలుతురు పడేచోట ఉండేది. ఎడమ మూల పెచ్చు ఊడింది, నువ్వు నా మీదికి స్కేలు విసిరినప్పుడు. నాన్న మెడలో టేపు, చేతిలో సుద్దముక్క. ఛాతీ కొలత తీసేటప్పుడు 'గుండెల నిండా ఊపిరి తీసుకోండి... ఆఁ, అలాగే ఉండండి' అనేవాడు. కొలిచి, ఆ మనిషిని భుజాలు పట్టుకుని అద్దం వైపు తిప్పేవాడు. 'ఇప్పుడు చూసుకోండి' అనేవాడు. ఎంత చిరాకుతో వచ్చినవాడైనా నవ్వుకుంటూ దిగేవాడు మెట్లు.

ఇవి నేను చూసినవి. 'సన్నగా చూపించేది' అన్నది నీ ఊహ. రేపు నిఘంటువు తెరిచినవాళ్ళు ఎవరో దర్జీ అద్దంతో జనాన్ని మోసం చేశాడనుకుంటారు. నాన్న జానెడు గుడ్డ మిగిలినా మడిచి వెనక్కిచ్చిన మనిషి. ఉన్నదాన్ని వంకర తిప్పకు.

నీ తమ్ముడు

తా.క. బావ మోకాలి గురించి మొదలుపెడితే నా నడుం గురించి మొదలుపెట్టు. ఆగుతాడు.

*

తమ్ముడికి,

నీ వాక్యాలు మా ఆఫీసు వాక్యాలకంటే అన్యాయంగా ఉన్నాయి. ఉత్తరం మాత్రం బాగుంది. 'ఉన్నదాన్ని వంకర తిప్పకు' అన్నది అలాగే తీసుకున్నాను. ఇనుప చువ్వని పక్కన పెట్టేశాం.

అద్దం సంగతికొద్దాం. అది నా గదిలోనే ఉంది. అందులో నేను పెళ్ళినాటి మనిషిలా కనపడతాను. బాత్రూం అద్దంలో మీ బావకి పెద్దక్కలా కనపడతాను. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధమాడుతోంది. పైగా నాన్న చట్రం వెనకాల అట్టముక్క దోపడం నా కళ్ళతో చూశాను. అద్దం వంగడానికి కాకపోతే ఎందుకు?

అక్క

తా.క. మోసమని నేనన్నానా? జనం సంతోషంగా వెళ్ళేవాళ్ళు. అది మర్చిపోకూడదనే ఆ వాక్యం రాశాను.

*

నిఘంటువు సంపాదకురాలు గారికి,

విషయం: కీర్తిశేషులైన దర్జీ గారిపై మీ ఆరోపణకు ఖండన.

అయ్యా/అమ్మా,

అట్టముక్క దోపడం మీరు చూశారు. ఎందుకో అడగలేదు. ఆ సందులోంచి ఒక కథ లాగారు. జనం నవ్వుతూ వెళ్ళేవాళ్ళని నేను రాస్తే, నా మాటలకే పెడర్థం తీసి నాన్నకి అంటగట్టారు. ఇంటి ఉత్తరంలో ముక్కని అడక్కుండా నిఘంటువులోకి ఎక్కించారు. నా ఉద్యోగంలో నేనెప్పుడూ ఆ పని చేయలేదు.

అద్దాన్ని తెలిసినవాళ్ళకి చూపించండి. లేదా వాక్యం తీసేయండి. అంతవరకు మీ గుమ్మం తొక్కను.

ఇట్లు,
దర్జీ గారి అబ్బాయి

తా.క. బావగారికి పంపిన తైలానికీ ఈ వివాదానికీ సంబంధం లేదు. పొద్దునా సాయంత్రం రాయమనండి.

*

విలేకరి గారికి,

తమరి ఖండన ఆఫీసులో చదివి వినిపించాను. అందరికీ నచ్చింది. 'నా మాటలకే పెడర్థం తీసి అంటగట్టారు' అన్న వాక్యం కోసం ఎన్నాళ్ళుగా వెతుకుతున్నామో! చేర్చేశాం. 'చిలవలు పలవలు అల్లడం' ఇంకా ఖాళీగా ఉంది. దయచేసి ఇంకాస్త కోపంగా ఒక ఉత్తరం రాయగలరు.

అద్దాలు బిగించే అతన్ని రమ్మన్నాను. వంకరని తేలితే నా వాక్యం ఉంటుంది, లేదంటే పోతుంది. అతను చూసి వెళ్ళగానే ప్రూఫు ప్రెస్సుకి పంపాలి.

ఇట్లు,
దర్జీ గారి అమ్మాయి

తా.క. తైలం వాసనకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. మీ బావ మాత్రం నీదే న్యాయమంటున్నాడు. ఎందుకో నాకు తెలుసు.

*

అక్కా,

కోపంగా రాయడం లేదు. ఒకవేళ వంకరనే తేలితే, 'దర్జీ కొట్లో' అన్న మాట తీసి 'ఒక అద్దం' అని పెట్టు. నాన్న పేరు ఎక్కడుంది అంటావు. మనిద్దరం చదువుతాం కదా.

తమ్ముడు

తా.క. ఈసారి దీంట్లోంచి ఏమీ తీసుకోకు.

*

ఒరేయ్ చిన్నోడా,

అద్దాలతను వచ్చాడు. బాగా బొజ్జ ఉన్న మనిషి. అద్దం మీద ఇనుప స్కేలు నిలువుగా, అడ్డంగా ఆనించి చూశాడు. ఎక్కడా సందు లేదు. 'బల్లపరుపుగా ఉందమ్మా' అన్నాడు. అట్టముక్క ఎందుకంటే, వీధిలో లారీ వెళ్ళినప్పుడు చట్రం గడగడలాడకుండా అట. నేను నమ్మలేదు. అతన్నే అద్దం ముందు నిలబెట్టాను. బొజ్జ బొజ్జలాగే ఉంది.

'అయితే నేనెందుకు సన్నగా కనపడతాను?' అని పక్కన నిలబడ్డాను. అతను నన్ను ఎగాదిగా చూసి, 'ఊపిరి వదలండమ్మా' అన్నాడు.

వదిలాను. బాత్రూం మనిషి వచ్చేసింది.

నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. 'గుండెల నిండా ఊపిరి తీసుకోండి, అలాగే ఉండండి.' నువ్వే రాశావు, నీకే కనపడలేదు. వచ్చినవాళ్ళంతా ఊపిరి బిగబట్టి, ఛాతీ విరుచుకుని చూసుకున్నారు. నాన్న కుట్టిన చొక్కా ఎవరికీ బిగుతవలేదంటే అందుకేరా! చిన్నప్పుడు గౌన్లకి కొలతలిచ్చిన అలవాటు, నేను ఇప్పటికీ ఆ అద్దం ముందు అలాగే నిలబడుతున్నాను.

నా వాక్యం కొట్టేశాను. దాని చోట ఇది వెళ్ళింది: 'దర్జీ కొట్లో అద్దం ఎవరి రూపాన్నీ వక్రీకరించలేదు.' 'దర్జీ' అలాగే ఉంచాను. గుమ్మం తొక్కు.

మీ అక్క

తా.క. ఊపిరి తీసుకోమనేవాడు సరే, వదలమని ఎప్పుడనేవాడు? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మనకైతే చెప్పినట్టు లేడు.